ఊడ్చిన దీవి

కయాక్ ఎక్కేటప్పుడు ఎవరూ అందంగా కనబడరు. ముందు ఈ సంగతి ఒప్పుకుంటే ఈ ఉద్యోగంలో సగం బాధ తీరినట్టే. ఒక చేత్తో ఒడ్డు పట్టుకుని, రెండో చేత్తో తెడ్డు పట్టుకుని, మూడో చెయ్యి కూడా ఉంటే బావుండునని దేవుణ్ణి తలుచుకుంటూ ఆ సన్నటి పడవలో కూలబడాలి. చీర కట్టుకుని ఒక్కసారే ప్రయత్నించాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా డ్యూటీకి పంజాబీ డ్రెస్సే.

పాత కట్టడాలను వెతికి, కొలిచి, బొమ్మలు గీసే ఒక ఆఫీసులో నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆడదాన్నయినా కాగితాల్లో చివరిదాకా మన్‌నే. ఆఫీసు పేరు రాయను, నా తర్వాతి వాళ్ళు ఇంకా అక్కడ జీతాలు తీసుకుంటున్నారు. మొన్న తిరువూరు బస్టాండులో విజయవాడ బస్సు కోసం నిలబడితే, కాలేజీలో చరిత్ర చదువుకున్న, నా ఉద్యోగం సంగతి తెలిసిన అమ్మాయొకతె వచ్చి, "మేడమ్, నాకూ ఈ లైనులోకి రావాలని ఉంది. అసలు ఏం చేస్తారండీ అక్కడ?" అని అడిగింది. మొదలుపెట్టానో లేదో బస్సొచ్చింది. ఆ పిల్లకి చెప్పాలనుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల గొడవా, సెలవుల గొడవా ఇందులో ఉండదు. అవి ఏ ఆఫీసులోనైనా ఒకటే.

కయాక్ ఎందుకంటే

మేం పనిచేసిన రిజర్వాయరు మాకు ఎగువన, కృష్ణ మీద ఉంది. దాని పేరు కూడా రాయను. రాస్తే ఆదివారానికల్లా బిర్యానీ పొట్లాలతో జనం దిగిపోతారు. ఆనకట్ట కట్టినప్పుడు లోయలో ఉన్న ఊళ్ళు మునిగిపోయి, గుట్టలు మాత్రం దీవులై మిగిలాయి. వాటి మీద గుళ్ళు, బురుజులు, ఇళ్ళ గోడలు ఎక్కడివక్కడ ఉండిపోయాయి. వాటిలో ఏవి కాపాడాలో, ఏవి వదిలేయవచ్చో చెప్పడం మా పని.

మొదట్లో మోటారు బోటు ఇచ్చారు. ఎండాకాలం నీళ్ళు దిగాక, మునిగిన గోడలకీ చెట్ల మోళ్ళకీ తగిలి దాని ఫ్యాను రెక్కలు విరిగిపోయాయి. తర్వాత జాలర్ల పుట్టి ఎక్కాం. పుట్టి గుండ్రంగా ఉంటుంది. అలవాటు లేనివాళ్ళు తెడ్డు వేస్తే ముందుకు పోదు, ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. కొలతల పెట్టె ఒళ్ళో పెట్టుకుని మేం అలా తిరుగుతుంటే ఒడ్డున జాలర్లు వలలు పక్కనపెట్టి మరీ చూసేవారు. చివరికి ఎక్కడో మూతపడిన బోటింగ్ క్లబ్బు నుంచి రెండు కయాకులు వచ్చాయి. ఒకటి ఒంటిమనిషిది, ఒకటి ఇద్దరు కూర్చునేది. జానెడు నీళ్ళున్నా చాలు, గోడల మీదుగా జారిపోతాయి. అప్పుడు బాగుపడింది మా బతుకు.

జీపు నడిపేవాడికి పడవ నడపడం ఎంతసేపు అనుకున్నారేమో, మా డ్రైవరు బాషాకే రెండో కయాకు కూడా అప్పగించారు. బాషా మా తిరువూరు వాడే, వాళ్ళ నాన్న లారీలు తిప్పేవాడు. లారీ ఇంజను చప్పుడు వింటూ పెరిగినవాడికి చప్పుడు చెయ్యని బండంటే అనుమానం. మా మామిడితోటలో నీటికుంట ఉంటే అందులో ప్రాక్టీసు చేశాం. ఎక్కిన మరుక్షణం బోల్తా పడి, నెత్తిమీద నాచుతో లేచి, "దీనికి బ్రేకెక్కడుంది మేడమ్?" అన్నాడు. గట్టు మీద నిలబడి ఇదంతా చూస్తున్న మా అత్తగారు, "ఏవమ్మా, మీ ఆఫీసులో కుర్చీల్లేవా?" అని నన్నడిగింది.

కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. ఎవరు నవ్వినా లైఫ్ జాకెట్ విప్పకండి. మధ్యాహ్నం దాటాక నీళ్ళ మీద గాలి లేస్తుంది, పని మిగిలిపోయినా సరే, వెనక్కి వచ్చేయండి. ఇన్నేళ్ళు ఆగిన గోడ ఇంకో రోజు ఆగుతుంది.

రోలుంటే ఇల్లున్నట్టే

దీవి మీద దిగగానే టేపు తీసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ముందు కాసేపు కూర్చోండి. మంచినీళ్ళు తాగండి. చెట్లు చూడండి. సీతాఫలం అడవిలోనూ మొలుస్తుంది. కానీ చింతచెట్టూ, కరివేపాకూ, నందివర్ధనం ఒకే చోట ఉంటే అక్కడొక పెరడు ఉండేదని అర్థం. ఊరు వదిలిపోయేవాళ్ళు తలుపులు తీసుకుపోతారు, దూలాలు తీసుకుపోతారు, పెంకులు కూడా ఏరుకుపోతారు. రోలు మాత్రం ఎవరూ మోయలేరు. రోలు కనబడిందంటే అది వంటిల్లు, దాన్నిబట్టి మిగతా ఇంటికి కొలతలు పట్టేయవచ్చు.

ఇప్పటి పిల్లలు డ్రోన్లు ఎగరేస్తున్నారు. ఎగరేయండి, మోకాళ్ళు మిగులుతాయి. కాకపోతే డ్రోనుకి పైకప్పు కనబడుతుంది గానీ గడప కనబడదు. మనిషి సంగతి చెప్పేది గడపే. నా ఉద్యోగంలో పెద్ద పాఠం ఒక గడప దగ్గరే నేర్చుకున్నాను. దానికి ముందు మా ఆఫీసరు గురించి చెప్పాలి.

ప్రసాదరావు గారు

చదువున్న మనిషి. రాయి చూసి అది ఏ కొండదో చెప్పగలడు. మా టీ డబ్బులు మమ్మల్ని ఎప్పుడూ ఇవ్వనిచ్చేవాడు కాదు. ఆయనతో చిక్కు రెండే రెండు. మొదటిది, నోట్లోంచి వచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఆయనకి మహా కష్టం. రెండోది, నీళ్ళంటే భయం. ఎండాకాలంలో ఒడ్డుకి కలిసిపోయే దీవులకైతే నడిచి వచ్చేవాడు. మిగతా వాటి మీద మా బొమ్మలూ ఫొటోలూ చూసి తీర్పు చెప్పేసేవాడు. ఆయనకి ఇష్టమైన మాట 'పరిత్యక్తం'. అంటే మనుషులు వదిలేసినది. ఆ మాట రాసి, కింద సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టే తీరులో ఒక దర్జా ఉండేది.

ఒకసారి అలా నడిచి వచ్చిన దీవిలో ఒక రాతిగోడ దగ్గర ఆగిపోయాడు. "చూశారా, ఇది కోట ప్రాకారం. ఈ వంపు చూడండి, శత్రువుని మోసం చెయ్యడానికి పెట్టిన వంపు" అని మాకు పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. అంతలో గొర్రెలు తోలుకుంటూ ఒకతను వచ్చాడు. కాసేపు ఆయన చెప్పింది శ్రద్ధగా విని, "అయ్యా, అది మా గొర్రెల దొడ్డండి. పోయినేడు నేనూ మా బావమరిదీ పేర్చాం. ఆ వంపు మా వాడి పనే, వాడికి సూటిగా పేర్చడం రాదండి" అన్నాడు. బాషా దగ్గు నటిస్తూ జీపు వైపు వెళ్ళిపోయాడు. ప్రసాదరావు గారు ఒక్క నిమిషం ఎర్రబడి, తర్వాత మాకంటే ఎక్కువ నవ్వాడు. "ఇంకొన్ని వందల ఏళ్ళు ఆగితే ఆ బావమరిది కూడా ప్రాచీనుడైపోతాడు లెండి" అన్నాడు. ఈ కథ అందరికీ ఆయనే చెప్పుకునేవాడు. అందుకే ఆయనతో ఎంత పోట్లాడినా నాకు కోపం నిలిచేది కాదు.

ఒక్క రావి మొక్క కూడా లేని గుడి

నడి నీళ్ళలో ఎప్పుడూ మునగని గుట్టొకటి ఉండేది. దాని నెత్తిమీద చిన్న రాతి గుడి, ముందు నాలుగు స్తంభాల మండపం. గర్భగుడి ఖాళీ. ఏటా ఎండాకాలం నేనూ బాషా కయాకుల్లో వెళ్ళి చూసి వచ్చేవాళ్ళం. ఎక్కడా బూడిద లేదు, కొబ్బరి చిప్ప లేదు, కనీసం అగరుబత్తి పెట్టె కూడా లేదు. మనిషి వచ్చిన జాడే లేదు.

ఇంకోటి కూడా లేదు. పాత గుళ్ళ గోడల్లో రావి మొక్కలు మొలిచి, వేళ్ళు దిగి, రాళ్ళని విడదీసేస్తాయి. ఈ గుడి గోడల్లో ఒక్కటంటే ఒక్క రావి మొక్క లేదు. ఫొటోలు చూసి ప్రసాదరావు గారు మురిసిపోయాడు. "అదీ పూర్వం వాళ్ళ సున్నం! కరక్కాయ, బెల్లం వేసి నూరిన సున్నం. గింజని మొలవనిస్తుందా?" అన్నాడు.

"మరి పక్క దీవిలో గుడిని రావిచెట్టు రెండు చీలికలు చేసింది కదండీ సార్?" అన్నాడు బాషా.

"ఆ గుడి కట్టింది వేరే మేస్త్రి" అన్నాడు ప్రసాదరావు గారు, తడుముకోకుండా.

ఆ గుట్ట మీద టూరిస్టులకి కాటేజీలు కట్టాలని పైనుంచి ప్రతిపాదన వచ్చింది. గుట్ట నెత్తి చదును చెయ్యాలి. గుడి పరిత్యక్తమని మేం రాసిస్తే రాళ్ళు విప్పదీసి వేరేచోట పేరుస్తారు. మా ఆఫీసరుకి అందులో తప్పేం కనబడలేదు. ఎవరూ రాని గుడి నీళ్ళ మధ్య ఉంటే ఏం, నేలమీద ఉంటే ఏం అన్నాడు. సంతకం ఒక్కటే మిగిలింది.

నాగరత్నమ్మ గారు

ఒక ఆదివారం తిరువూరులో మా ఇంటి ముందు షేరాటో ఆగింది. పెద్దావిడ, చేతిలో ప్రసాదం పొట్లం. గంపలగూడెం దగ్గర మామిడి, పత్తి వ్యవసాయం చేసే కుటుంబమట. పేరు నాగరత్నమ్మ. "నెమలి గుడికి వెళ్ళి స్వామిని చూసుకుని అట్నుంచి అటే వచ్చాను. నువ్వేనా అమ్మా, దీవుల మీద గుళ్ళ బొమ్మలు గీసేది?" అంది.

"నేనేనండి. కూర్చోండి."

"కూర్చుంటాలే. మా గుడి పాడుబడిందని రాస్తున్నారట. ఎవరికి పాడుబడిందమ్మా?"

నేను ఏ గుడి అని అడిగేలోపే చెప్పేసింది. మునిగిన ఊళ్ళలో వాళ్ళదొకటి. ఆ ఊరి కుటుంబాలు కొన్ని కలిసి ఇటువైపు వచ్చి పొలాలు కొనుక్కున్నాయి. వస్తూ వస్తూ తమ ముత్యాలమ్మని కూడా తెచ్చుకుని ఇక్కడ గుడి కట్టారు.

"అమ్మవారిని తెచ్చుకున్నాం గానీ ఆవిడ ఇల్లు ఎలా తెస్తాం? అది ఆవిడ పుట్టిల్లు. ఏటా దసరా వెళ్ళాక, నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు, పుట్టిలో ఒళ్ళో కూర్చోబెట్టుకుని తీసుకెళ్తాం. ఒక పూట ఉంచి, పొంగలి పెట్టి, సారె ఇచ్చి మళ్ళీ తీసుకొస్తాం. ఆడపిల్ల పుట్టింటికి వెళ్ళి రావద్దూ?"

"మాకు ఒక్క ఆనవాలు కూడా కనబడలేదండీ. బూడిదన్నా, కొబ్బరి చిప్పన్నా..."

"ఎందుకు కనబడుతుంది? ఊడ్చి వస్తాం కదా!" ఆవిడకి నిజంగానే ఆశ్చర్యం వేసింది. "ఆడపిల్ల గడప దాటి వెళ్ళాక వెంటనే చీపురు పట్టకూడదు. మీ ఇంట్లో పడతారేంటి?"

"పట్టమండి."

"మరింకేం? ఆవిడ వెళ్ళాక ఊడిస్తే అరిష్టం, అలాగే వదిలేసి వస్తే పుట్టింటిని చెత్తలో వదిలొచ్చానని ఆవిడకి దారంతా బెంగ. అందుకని ఆవిడ ఉండగానే అంతా ఊడ్చి, కడిగి, పొయ్యి రాళ్ళు కూడా నీళ్ళలో వదిలేసి, గోడల్లో మొలిచిన మొక్కలు పీకేసి, అప్పుడు బయల్దేరతాం."

గోడల్లో మొక్కలు అనగానే నాకు కరక్కాయ సున్నం గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. ఆవిడకి కోపం వచ్చింది. సంగతి చెప్పాక ఆవిడా నవ్వింది. నవ్వుతూనే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వచ్చే ఏడు మేం వెళ్ళేసరికి అక్కడ ఎవరో కుర్చీలేసుకుని టీ తాగుతుంటారు. నీ పుట్టిల్లు తీసేశారమ్మా అని ఆవిడకి నేను చెప్పాలా? ఆ మాట నా నోటంట అనిపించకండమ్మా" అంది.

ఆ రాత్రి ఆ గుడి ఫొటోలు ముందేసుకుని కూర్చున్నాను. మనుషుల జాడ కోసం మేం ఇన్నేళ్ళూ చెత్త వెతికాం. జాడ శుభ్రంలో ఉంది. ఊడ్చిన ఇల్లు వదిలేసిన ఇల్లు ఎలా అవుతుంది? ఈ లైనులోకి వచ్చే పిల్లలు ఈ ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకుంటే చాలు.

మర్నాడు ప్రసాదరావు గారికి అంతా చెప్పాను. వింటున్నంతసేపూ పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాడు.

"ఏడాదికి ఒక్క పూట వస్తే గుడి వాడుకలో ఉన్నట్టా, రాజ్యలక్ష్మి గారూ? సెంటిమెంట్లు రిపోర్టులో రాయలేం కదా."

"నేనూ మా పుట్టింటికి ఏడాదికి ఒక్కసారే వెళ్తాను సార్. అది పరిత్యక్తమా?"

ఆయన పెన్ను మూత పెట్టేశాడు. "కళ్ళతో చూడకుండా మాట మార్చను" అన్నాడు చివరికి.

"రండి, చూద్దురు గాని."

"అప్పుడు నీళ్ళు నిండుగా ఉంటాయి కదండీ."

"అప్పుడే కదండీ ఆవిడ వెళ్ళేది."

సారె

దసరా వెళ్ళాక, అమ్మవారు బయల్దేరే రోజున, ప్రసాదరావు గారు ఒకదాని మీద ఒకటి రెండు లైఫ్ జాకెట్లు వేసుకుని వచ్చాడు. "ఇంకోటి జీపులో ఉంది సార్, తెమ్మంటారా?" అన్నాడు బాషా. ఆయన్ని రెండు సీట్ల కయాకులో ముందు కూర్చోబెట్టుకుని తను వెనక కూర్చున్నాడు. పక్కన నా కయాకు. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, ఆంజనేయస్వామిని తలుచుకుంటూ, తెడ్డు వేసే పని పూర్తిగా బాషాకి వదిలేశాడు.

సగం దూరంలో డప్పుల చప్పుడుతో పుట్లు మమ్మల్ని దాటాయి. ముందు పుట్టిలో నాగరత్నమ్మ గారు. ఆవిడ ఒళ్ళో పసుపుబట్ట చుట్టిన అమ్మవారి ఇత్తడి ముఖం. "పెద్దసారూ, కళ్ళు తెరవండి! మా అమ్మాయి మీకంటే ధైర్యంగా కూర్చుంది చూడండి!" అని అరిచింది. ఆయన ఒక కన్ను తెరిచి, నమస్కారం పెట్టబోయి, పడవ ఊగేసరికి మళ్ళీ మూసేశాడు.

దీవి మీద మేమెప్పుడూ చూడని గుడిని చూశాం. గర్భగుడిలో అమ్మవారు, మండపంలో పిల్లల గోల, మూడు రాళ్ళ పొయ్యి మీద పొంగలి. ఒకావిడ గోడ దగ్గర నిలబడి కొడవలి మొనతో రాళ్ళ సందులోంచి రావి మొలకని లాగుతోంది. ప్రసాదరావు గారు దగ్గరికెళ్ళి వంగి చూశాడు. "ఏటా పీకాల్సిందేనండి. మాయదారి మొక్క, రాతిలో కూడా మొలుస్తుంది" అందావిడ.

ఆయన మెల్లిగా బాషా వైపు తిరిగాడు.

"కరక్కాయ సున్నం సార్" అన్నాడు బాషా, చాలా వినయంగా.

భోజనాలయ్యాయి. ఆకులు తీసేశారు, ఊడ్చారు, కడిగారు, పొయ్యి రాళ్ళు నీళ్ళలోకి దొర్లించారు. అమ్మవారిని గడప దగ్గరికి తెచ్చారు. నాగరత్నమ్మ గారు చీర, పసుపు, కుంకుమ, పళ్ళు ఉన్న పళ్ళెం తీసుకుని గడప లోపల నిలబడింది. నేను ఉండబట్టలేక, "ఇచ్చేదీ మీరే, తీసుకునేదీ మీరేనా పిన్నిగారూ?" అన్నాను.

"ఏం చెయ్యమంటావమ్మా? లోపల నిలబడి నేనే పెడతాను, బయటికొచ్చి నేనే అందుకుంటాను. ఈ ఊరి వాళ్ళమంతా ఆవిడతోపాటే వచ్చేశాం. పుట్టింట్లో ఉండి పంపించేవాళ్ళు ఎవరున్నారు?"

అంటూనే ఆగిపోయింది. మా ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. "ఏటా ఎండల్లో పడి వచ్చి ఈ గోడలు తడిమి చూసి పోతున్నారు కదా మీ ఆఫీసువాళ్ళు? ఈ ఇంటికి మనుషులంటూ ఉంటే ఇప్పుడు మీరే. రండి పెద్దసారూ, మీరు పెట్టండి."

"నేనా? నాకు పద్ధతులు తెలియవండీ."

"మీకు తోడబుట్టినవాళ్ళు లేరా?"

"ఒక చెల్లెలుందండి."

"ఆవిడకి ఎప్పుడూ చీర పెట్టలేదా?"

"పెట్టాను."

"అదే పద్ధతి."

దీవి ఎక్కినప్పటినుంచీ విప్పని లైఫ్ జాకెట్లు అప్పుడు విప్పాడు. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళి పళ్ళెం అందుకున్నాడు. అమ్మవారి ముందు చీర పెట్టి, కుంకుమ పెట్టి నిలబడ్డాడు. అందరూ ఎదురుచూస్తున్నారు. "ఏదో ఒకటి అనండి, అలా పంపిస్తారా?" అంది నాగరత్నమ్మ గారు మెల్లగా.

"వెళ్ళి రా అమ్మా" అన్నాడు. చీర మడత ఒకసారి సరిచేశాడు. "మళ్ళీ రా."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. నాగరత్నమ్మ గారు బయటికొచ్చి, గడప అవతలి నుంచి సారె అందుకుని కొంగున మూటకట్టుకుంది. అన్నేళ్ళలో ఆవిడ తనే పెట్టకుండా, ఇంకొకరు పెడితే అందుకోవడం అదే మొదటిసారి. డప్పులు మోగాయి, పుట్లు కదిలాయి. పుట్టింటివాళ్ళు కనుమరుగయ్యేదాకా నిలబడాలి కాబట్టి మేం ముగ్గురం ఒడ్డున నిలబడ్డాం.

మండపంలో చిందిన అక్షింతలు కొన్ని ఉండిపోయాయి. బాషా వంగి చేత్తో తుడవబోయాడు.

"ఆగవయ్యా!" అని కసిరాడు ప్రసాదరావు గారు. "ఆడపిల్ల ఇప్పుడే కదా వెళ్ళింది."

ఆ వారమే కాటేజీల వాళ్ళు ఫోన్ చేశారు. నేను ఎదురుగానే కూర్చుని ఉన్నాను. "ఖాళీ దీవే కదండీ, ఇంకా సంతకం ఎందుకు పెట్టలేదు?" అంటున్నారు అవతల. "ఖాళీ అని ఎవరు చెప్పారండీ? ఆడపిల్ల వచ్చిపోయే ఇల్లది" అన్నాడు. అవతలాయనకి ఏం అర్థమైందో గానీ, ఆ తర్వాత ఈయన రాసిన గట్టి కాగితాలు బాగానే అర్థమైనట్టున్నాయి. కాటేజీలు ఇవతలి ఒడ్డు మీద కట్టుకున్నారు. అక్కడ టీ కూడా బాగానే ఉంటుంది.

ఆయనా రిటైరయ్యాడు, నేనూ అయ్యాను. బాషా ఇప్పుడు వాళ్ళ నాన్న లారీలు చూసుకుంటున్నాడు. సారె చీర ఏటా తిరువూరులో నేనే కొంటాను, రంగు నచ్చలేదని నాగరత్నమ్మ గారు ఏటా నాతో పేచీ పెట్టుకుంటుంది. నీళ్ళంటే ప్రసాదరావు గారికి ఇప్పటికీ భయమే. అయినా దసరా దగ్గరపడుతోందంటే చాలు, ఆయన ఫోన్ వస్తుంది. బాగోగులేవీ అడగడు. తీసిన వెంటనే ఒకటే మాట.

"రాజ్యలక్ష్మి గారూ, మనమ్మాయి ఎప్పుడొస్తోందిట?"